ఉన్నదున్నట్టు

ఇంటి నుంచి

పిచ్చుకకి,

ఆ రోజు నువ్వు వెళ్ళిపోయాక ఏం జరిగిందో రాయమన్నావు. రాస్తున్నాను. ఫోను చెయ్యకు. కట్టేసి సొరుగులో పడేశాను.

పొద్దున నర్సు వచ్చి ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి వెళ్ళింది. మీ అక్క బాగానే ఉంది. పళ్ళు పెట్టుకుని, తల దువ్వించుకుని, కిటికీ వైపు తిరిగి పడుకుంది. జబ్బు ఆమె పళ్ళన్నీ ఊడగొట్టాక నా లాబ్‌లో నేను చేసిన కట్టుడు పళ్ళ సెట్టు అది. డాక్టరు ముందు కూడా తీసేది కాదు. పెట్టుకున్నాక నా ముందూ ఏనాడూ తీయలేదు, చేసినవాణ్ణి నేనే అయినా.

మధ్యాహ్నం నువ్వు వచ్చావు. నీ గొంతు విని తనంతట తనే తల ఎత్తింది. కాసేపటికి నువ్వు వంటగదిలోకి వచ్చి, "బావా, అక్కకి ఐసు ముక్క నోట్లో పెట్టుకోవాలనుందట" అన్నావు. మా ఫ్రిజ్ అప్పటికి పాడై ఉంది. వెళ్ళాను. మొదటి కొట్లో లేదు. మందుల షాపు పక్కనా లేదు. చేపల దుకాణంలో ఇచ్చారు. తిరిగి వచ్చేసరికి నువ్వు గేటు దగ్గర ఉన్నావు. భుజాన సంచీ, చంకలో ఆ మూడు కాళ్ళ స్టాండు. "పడుకుంది బావా, లేపకండి" అన్నావు.

ఆమె పడుకోలేదు. గోడ వైపు తిరిగి ఉంది. కుడిచేయి నోటి మీద ఉంది. పళ్ళు కిటికీ మీద గ్లాసులో ఉన్నాయి. మంచం మీది నుంచి ఆమెకు అందనంత దూరం.

తీసి ఇవ్వబోయాను. వద్దని తల ఊపింది. ఐసూ వద్దంది, అదీ తల ఊపే. పిలిస్తే కళ్ళు మూసుకుంది. చేయి తీయలేదు. చీకటి పడుతుండగా ఊపిరి మారింది. నేను లైటు వేసి వచ్చేలోపు అయిపోయింది. చేయి అక్కడే ఉంది.

మనుషులు వచ్చేలోపు పళ్ళు నేనే పెట్టాను. అది నా పని. వచ్చినవాళ్ళంతా నిద్రపోతున్నట్టుంది అన్నారు.

రెండు సంగతులు అడుగుతాను. నేను ఐసుకి వెళ్ళినంతసేపూ ఆమె దగ్గర ఉన్నది నువ్వే. ఆ తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆఖరిసారి మాట్లాడింది నీతోనే. ఏమంది? పళ్ళు ఎవరు తీశారు?

బావ

*

మేడమీద, నా షూటింగ్ గది

బావా,

మీ ఉత్తరం చదివి ఎంత ఏడ్చానో మీకు తెలీదు. కాటుకంతా బుగ్గల మీదికి కారిపోయింది. మా కెమెరామన్ అక్కడే ఉన్నాడు. "మేడమ్, అలాగే ఉండండి, కదలకండి" అంటాడు! ఇంత రాతి గుండెలేంటి ఈ మనుషులకి? బాగా తిట్టాను. ఈలోపు తీసేశాడనుకోండి.

పళ్ళ సంగతి నాకేం తెలుసు బావా. నర్సు తీసుంటుంది. వాళ్ళకేముంది, మంచాన్ని తుడిచినట్టే మనిషినీ తుడిచి పోతారు. మీరు అలాంటివి పట్టుకుని కూర్చోకండి, ఆరోగ్యం పాడవుతుంది.

అక్క ఏమందీ అంటే... అది ఇలా కాగితం మీద పెట్టే మాట కాదు. మా అక్కాచెల్లెళ్ళ మధ్యది. మనసులో కొన్నాళ్ళు మాగాలి. టైమొచ్చినప్పుడు మీకే కాదు, అందరికీ చెప్తాను.

మీకు ఇవన్నీ పట్టవు గానీ, ఈ రోజుల్లో మనిషికి పేరుంటే చాలదు బావా, ఒక బ్రాండ్ ఉండాలి. నా పేజీ పేరు "ఉన్నదున్నట్టు". మేకప్ లేదు, ఫిల్టర్ లేదు, డాబు లేదు. కాటుక ఒక్కటే పెడతాను, అది మేకప్ కింద లెక్క కాదు. వీడియో మొదలవగానే "నేను మీ పిచ్చుకని" అంటాను. అక్క పెట్టిన ముద్దుపేరు ఇవాళ ఎంతమంది నోట్లో నలుగుతోందో చూస్తే అక్క ఎంత మురిసిపోయేదో!

వేళకి తినండి. ఫోను ఆన్ చెయ్యండి.

మీ పిచ్చుక

*

లాబ్ నుంచి

పిచ్చుకకి,

నర్సు పొద్దున్నే వెళ్ళిపోయింది. మొదటి ఉత్తరంలోనే రాశాను.

నిన్న క్లినిక్‌కి రెండు పళ్ళ సెట్లు ఇవ్వడానికి వెళ్ళాను. రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ ఫోను చూసి ఏడుస్తోంది. నన్ను చూసి, "సార్, ఇది మీ ఇంటి కిటికీలా లేదూ?" అంది. పాపం, ఆవిడ తర్వాత పరామర్శకి వచ్చి కిటికీ చూసింది గానీ, మీ అక్కని ఎప్పుడూ చూడలేదు. ఇటు తిప్పి చూపించింది.

మా కిటికీయే. మీ అక్క పళ్ళతో నవ్వుతోంది. ఆ తర్వాత పళ్ళు లేకుండా ఉంది. బుగ్గలు లోపలికి పోయి, పెదవులు మడతపడి, ఎటు చూడాలో తెలియక నీ వైపు చూస్తోంది. ఒకదాని పక్కన ఒకటి పెట్టావు. మధ్యలో గీత. వెనక నీ గొంతు: "ఇది మా అక్క. ఉన్నదున్నట్టు."

ఎంతమంది చూశారో ఆవిడే చదివి చెప్పింది. నేను అడగలేదు.

ఆమె మంచాన పడి ఉన్నప్పుడు కూడా ఎవరైనా తలుపు కొడితే ముందు నోటి దగ్గరికి చేయి వెళ్ళేది, పళ్ళు ఉన్నాయో లేదో చూసుకోవడానికి. ఆ తర్వాతే "రండి" అనేది.

అడిగినవాటికి జవాబు రాలేదు.

బావ

*

మేడమీద, షూటింగ్ గది

బావా,

మీరు ఇలా పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు అడిగితే నేనేం రాయను?

సరే, చెప్తాను. పళ్ళు అక్కే తీసింది. నేను అడిగాను, తీసి ఇచ్చింది. చిన్నప్పట్నుంచీ నేనడిగితే అక్క ఎప్పుడైనా కాదందా? తన ప్లేట్లోది కూడా నా ప్లేట్లో పెట్టేసేది. మొదట కొంచెం బెట్టు చేసిందిలెండి. "మీ బావకి తెలిస్తే" అంది. "బావకెలా తెలుస్తుందక్కా, ఆయన ఫోనే చూడడు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

నా వైపు నుంచి ఆలోచించండి. మీరు చేసిన పళ్ళు మరీ బాగున్నాయి బావా, అదే వచ్చిన చిక్కు! జబ్బు మనిషిలా లేదు. ఫోటో స్టూడియోకి వచ్చినట్టుంది. అలా పెడితే ఎవరు ఆగి చూస్తారు? వేలితో పైకి తోసి పోతారు. అంతకుముందు అక్కవి ఆరు వీడియోలు పెట్టాను, ఎవరికీ పట్టలేదు. దీంతో నన్ను చూడనివాళ్ళు లేరు. జబ్బు మనుషులున్న ఇళ్ళవాళ్ళు నాకు మెసేజ్‌లు పెడుతున్నారు, నీ వల్ల ధైర్యమొచ్చిందమ్మా అని. ఇంతమందికి ఉపయోగపడింది అక్క. ఏ పనీ లేక గోడ చూస్తూ పోవడం కంటే ఇది మేలు కాదా?

మీరడిగిన మాట ఇప్పుడు దాచను. నిన్న లైవ్‌లో చెప్పేశాను. అక్క నా చేయి పట్టుకుని, "ఉన్నదున్నట్టు బతుకు, పిచ్చుకా" అంది. అదే ఆఖరి మాట. కప్పుల మీద వేయించాం. ఒకటి మీకు పంపుతున్నాను, కాఫీ తాగేటప్పుడల్లా అక్క గుర్తొస్తుంది.

మీ పిచ్చుక

*

లాబ్ నుంచి

పిచ్చుకకి,

కప్పు తిరిగి పంపుతున్నాను.

మీ అక్క ఎవరికీ ఎలా బతకాలో చెప్పే మనిషి కాదు. కూరలో ఉప్పు తక్కువైతే అది కూడా చెప్పేది కాదు. తనే లేచి వెళ్ళి తెచ్చుకునేది.

ఏమంది?

బావ

*

హోటల్ గది, ఏడో అంతస్తు

బావా,

ఇన్ని నెలలు రాయలేదని కోపమొద్దు. ఊపిరాడనివ్వడం లేదు. ఇప్పుడు రాస్తున్నది చదివిన వెంటనే చింపేయండి. ఫోను చేద్దామంటే మీది మోగదు. మెసేజ్ పెడదామంటే నా ఫోను మా టీము చేతుల్లో ఉంటుంది. ఎవరో ఒకరు ఫోటో తీసి బయటపెడితే నా పని అయిపోతుంది. అందుకే హోటల్ కాగితం మీద రాసి, నేనే మొహానికి మాస్కు కట్టుకుని కిందికెళ్ళి పోస్టు చేస్తున్నాను.

నా ప్లేటు విరిగింది బావా.

వాష్ బేసిన్‌లో కడుగుతుంటే జారి పడి రెండు ముక్కలైంది. నా ఇరవయ్యో ఏట మెట్ల మీంచి పడి ముందు నాలుగు పళ్ళూ పోతే, మీరు చేసిపెట్టారే, అక్క పోకముందు మళ్ళీ నా నోటి అచ్చు తీసి కొత్తది కూడా ఇచ్చారే, అదే. మీకూ నాకూ అక్కకీ తప్ప ఈ సంగతి పురుగుకి కూడా తెలీదు. జిగురు పెట్టి అతికించా. నాలుగు మాటలు మాట్లాడేసరికి నాలిక మీదికొచ్చేసింది. మా కెమెరామన్ ఎదురుగానే ఉన్నాడు! దగ్గొచ్చినట్టు నటించి బాత్రూమ్‌లో దూరాను.

ఎవరి ముందూ నోరు తెరవలేక "మౌన వారం" అని ప్రకటించా. అక్క గుర్తుగా వారం రోజులు మాట్లాడనని. నోటి మీద చేయి పెట్టుకుని ఒక ఫోటో పెట్టా. నమ్మరు, అక్క వీడియో తర్వాత అంత బాగా పోయింది అదే. జనం వాళ్ళూ నోటి మీద చేతులు పెట్టుకుని ఫోటోలు పంపుతున్నారు.

అసలు గండం వచ్చే వారం శుక్రవారం. ఒక టూత్‌పేస్టు కంపెనీ నన్ను వాళ్ళ యాడ్‌లకి బొమ్మగా పెట్టుకుంది. "పుట్టుకతో వచ్చిన నవ్వు" అని వాళ్ళ మాట. స్టేజి మీద అందరి ముందూ నేను ఆపిల్ కొరకాలి. నవ్వకండి బావా. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళానా, నోరు తెరిచానా, సాయంత్రానికల్లా లోకమంతా తెలిసిపోతుంది. ఇన్నాళ్ళూ ఏ కల్తీ లేదని చెప్పుకుని బతికినదాన్ని. నన్ను నమిలి ఊసేస్తారు.

నా అచ్చు మీ దగ్గర ఉంది కదా. మీకు రెండ్రోజుల పని. మా అక్క మొగుడు కాదు, మా నాన్న అనుకుని అడుగుతున్నాను.

మీ చిన్న మరదలు

*

లాబ్ నుంచి

పిచ్చుకకి,

అచ్చు ఉంది. మూడో అరలో, మీ అక్క అచ్చు పక్కన.

చేస్తాను. ముందు ఆ మధ్యాహ్నం సంగతి రాయి. ఏమంది, నువ్వేమన్నావు, అంతే. మాగబెట్టిన మాటలు వద్దు. పోస్టువాడు ఆ ఉత్తరం ఇచ్చిన రోజే మైనం కరిగించి పని మొదలుపెడతాను. అంతకుముందు కాదు.

బావ

*

హోటల్ గది, ఏడో అంతస్తు

బావా,

మీరింత పంతం పడతారనుకోలేదు. మెత్తని మనిషనే అక్క ఎప్పుడూ చెప్పేది.

రాస్తున్నా. ఐసు అక్క అడగలేదు. మీరుంటే పళ్ళు తీయదు, అందుకని పంపించా. పళ్ళు కూడా తనంతట తను తీయలేదు. బెట్టు చేస్తే నేనే వేలు పెట్టి తీశా. నవ్వుకున్నాం అన్నానే, నవ్వింది నేనొక్కదాన్నే. అక్క చేయి చాపితే అందేలా ఉందని గ్లాసు దూరంగా కిటికీ మీదికి జరిపా.

అప్పుడంది. "పళ్ళివ్వవే. ఆయన వచ్చేస్తారు."

"ఒక్క నిమిషం అక్కా, ఇంకొక్కటే" అన్నా. వెలుతురు తగ్గిపోతోంది బావా, అదీ నా తొందర. అక్క నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "చేయి తియ్యక్కా, మొహం కనపడ్డం లేదు" అన్నా. తీసింది. అది కూడా నేనడిగానని. అప్పుడు తీసిన వీడియోనే మీరు క్లినిక్‌లో చూసింది.

మళ్ళీ అంది. "ఆయన వచ్చేస్తారే. ఇలా చూడకూడదు. పళ్ళివ్వు." అంతే. ఆ తర్వాత ఏమీ అనలేదు. కప్పు మీది మాట మా టీము రాసింది.

ఇచ్చేదాన్నే బావా. ఇవ్వకూడదని కాదు. బాటరీ అయిపోయింది, స్టాండు మడత పడలేదు, దాంతో కుస్తీ పడుతుంటే మీ గేటు చప్పుడైంది. కంగారుగా సర్దుకుని పరిగెత్తుకొచ్చా. మర్చిపోయా. మీరు లోపలికెళ్ళి ఎలాగూ ఇస్తారు కదా అనుకున్నా.

ఇదీ ఉన్న సంగతి. మీ కడుపులో పెట్టుకోండి. ఇది బయటికొస్తే నేను బతకను.

ప్లేటు గురువారానికల్లా ఈ హోటల్‌కి చేరేలా పంపండి, పైన పేరు రాయకండి. ఇంకొక్క మాట. వీలైతే రంగు కొంచెం, ఒక్క చుక్క తెల్లగా చేయరా? స్టేజి లైట్లకి పాతవి పచ్చగా కొడుతున్నాయి.

మీ పిచ్చుక

*

ఇంటి నుంచి

పిచ్చుకకి,

నీ ఉత్తరం అందింది. అందిన రోజే మైనం కరిగించాను. చేస్తానన్నాను, చేశాను. ఈసారి బాగా కుదిరాయి. అచ్చు మీద పెట్టి చూశాను, దారం దూరే సందు లేదు. ఆపిల్ కొరికినా కదలవు. రంగు మార్చలేదు. నీకు మొదటినుంచీ ఉన్న రంగే.

ఆమె మాట అడిగింది నాకోసం. ఇన్ని నెలలూ ఆమె నా మీద అలిగి వెళ్ళిపోయిందనుకున్నాను. ఐసుకి అంతసేపు పోయాననో, నొప్పికి మందు ఆలస్యమైందనో. చేయి ఎందుకు తీయలేదో, పిలిస్తే కళ్ళు ఎందుకు మూసుకుందో తెలియక ఒక్కో కారణం పెట్టి చూసుకున్నాను. ఇప్పుడు తెలిసింది. నేను చూడకూడదని. వచ్చేస్తానని తెలిసి, నాకోసం తయారవ్వాలనుకుంది. నేను వచ్చేసరికే ఆలస్యమైంది. ఇస్తే ఎందుకు వద్దందో కూడా తెలిసింది. అప్పటికే చూసేశాను.

ఆ రెండు మాటలూ ఎవరికీ చెప్పను. నీ ఉత్తరమూ చూపించను. భయపడకు. అవి నా మాటలు, వాటిని నీ జనం చేతికి ఇవ్వను. కప్పు మీది మాట నీ దగ్గరే ఉండనీ.

పళ్ళు పంపడం లేదు.

నీ అచ్చు ఇవాళ పగలగొట్టాను. ఇంకెవరైనా చేయాలంటే కొత్తగా నీ నోరు తెరిపించి తీసుకోవాలి. ఆ డాక్టరు ఎదుట ఎలా కూర్చోవాలో నువ్వే చూసుకో. శుక్రవారం స్టేజి మీద మాట్లాడలేకపోతే నోటి మీద చేయి పెట్టుకో. ఎలా పెట్టుకోవాలో మీ అక్క నీకు చూపించింది. ఎవరైనా చేయి తీయమంటే, ఒక్క నిమిషం అను.

గ్లాసు ఆ రోజు నుంచీ ఖాళీగా బీరువా మీద ఉంది. దుమ్ము పట్టింది. రేపు పొద్దున లేవగానే దాన్ని కడుగుతాను. నిండా నీళ్ళు పోసి, నీ పళ్ళు అందులో వేసి, కిటికీ మీద అదే చోట పెడతాను. ఆ తర్వాత పనికి వెళ్తాను. నీళ్ళు రోజూ మారుస్తాను.

బావ